గుడ్డ కట్టిన కావా సీసా

ఒక చేత్తో నెత్తళ్ల చేపల పళ్లెం పట్టుకుని ఇంకో చేత్తో ఫ్రిజ్ తలుపు తీశాను. పొయ్యి మీద నూనె కాగిపోతోంది. వరండాలోంచి హైదరాబాదు అక్క, "సీసా తెచ్చేయమ్మా, వెలుతురు పోతోంది" అని అప్పటికే ఒకసారి పిలిచింది.

సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. కానీ పొద్దున నేను పెట్టిన సీసాలా లేదు. మూతి మీద బంగారు రంగు కాగితం లేదు, దాని కింద ఉండే తీగ లేదు, బిరడా అసలే లేదు. వాటి బదులు మా అత్త పాత చీర ముక్క ఒకటి కొబ్బరి పీచుతో బిగించి కట్టి ఉంది. ఆవకాయ జాడీకి కడతామే, అచ్చం అలాగ.

"అత్తా! ఈ సీసా మూత ఎవులు తీసినారు?"

మా అత్త పెరటి గుమ్మంలో కూర్చుని జీడిపండ్లు కోస్తోంది. తలెత్తలేదు.

"నానే ఇప్పీసినాను. ఏటే ఆ కేకలు? నూనె మాడిపోతంది, ముందది సూడు."

"ఎందుకు ఇప్పీసినావు?"

"ఇప్పకపోతే ఇల్లు పేలిపోను. ఇంకా నన్నడుగుతన్నావు!"

నూతిలో పడిన పిల్లని పైకి తీసినదానిలా ఉంది ఆవిడ ముఖం. నాకు తిట్టాలో, దండం పెట్టాలో తెలియలేదు. పొయ్యి సన్నం చేశాను.

కొంచెం వెనక్కెళ్లి చెప్పాలి. లేకపోతే మీ బుర్ర కూడా నా బుర్రలాగే తిరుగుతుంది.

ఆ ఇల్లు మాది కాదు. బారువ సముద్రం ఒడ్డున, కొబ్బరి తోట వెనక, రెండు గదుల గెస్ట్‌హౌస్. దాని యజమాని టెక్కలిలో ఉంటారు, మేమంతా మేడమ్ అంటాం. అక్కడ వండే ఆవిడ విశాఖపట్నం వెళ్లిపోయింది. నేను చేపలు బాగా వేపుతానని ఎవరో చెబితే మేడమ్ నన్ను పిలిపించారు. "ఇప్పుడొచ్చే గెస్టులు బాగుందంటే ఈ వంటిల్లు నీదమ్మా. బాగోలేదంటే మాత్రం ఏమీ అనుకోకు, ఇంకొకళ్లని చూసుకుంటాను" అన్నారు. ఉన్న మాట ముఖం మీదే చెప్పే మనిషి.

ఆ వంటిల్లు నాకు ఎంత అవసరమో ఆవిడకి తెలియదు. అంతకుముందు నేను పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేదాన్ని. ఉడికించిన పిక్కని చిన్న మిషనులో పెట్టి, కాలితో తొక్కి, చేత్తో పగలగొట్టాలి. ఆ తొక్కలో ఉండే నూనె వేళ్లకి అంటితే చర్మం నల్లబడి పొరలు పొరలుగా ఊడుతుంది. కొబ్బరినూనె రాసినా, బూడిద రాసినా పోదు. అన్నం కలుపుకుంటే ఆ కంపు అన్నానికి పడుతుంది. మా బావ, అంటే మా ఆయనే, మేనత్త కొడుకుని చేసుకున్నాను, ఇప్పటికీ అక్కడే బాయిలర్ దగ్గర పని చేస్తాడు. మగాడివి కాబట్టి నీ వేళ్లు ఎలా ఉన్నా ఎవరూ చూడరు అంటాను. "నువ్వు సూత్తన్నావు కదే" అంటాడు. ఈ వంటిల్లు పోతే నేను మళ్లీ ఆ పీట మీదకే వెళ్లాలి. నాకు తోడుగా మా అత్త వచ్చింది. వద్దంటే వినదు.

ఇక గెస్టులు. ఇద్దరూ ఆడవాళ్లే. ఒకరు హైదరాబాదు, నాకన్నా కొంచెం పెద్ద, అందుకే అక్కా అన్నాను. ఇంకొకావిడది స్పెయిన్. జుట్టు పొట్టిగా, నెరిసిపోయి, మనిషి మాత్రం మా గుమ్మం అంత ఎత్తు. ఇద్దరూ ఎక్కడో కలిసి ఉద్యోగం చేశారట. ఆ రోజు స్పెయిన్ ఆవిడ పుట్టినరోజు. సొంత ఊరి నుంచి ఒక సీసాని పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చుకుంది. పొద్దున దాన్ని పురిటి బిడ్డని ఇచ్చినట్టు రెండు చేతులతో నా చేతుల్లో పెట్టింది.

"దీన్ని కావా అంటారమ్మా. ద్రాక్షతో చేసే వైన్. బాగా చల్లగా ఉండాలి. సాయంత్రం తీద్దాం" అంది హైదరాబాదు అక్క. "దీనిలోకి ఏదైనా ఉప్పగా, కరకరలాడేలా చెయ్యి. కారం వద్దు, మసాలా వద్దు, గ్రేవీ అసలొద్దు."

అన్నీ వద్దంటే ఇంక మిగిలిందేమిటి? అది ఎలా ఉంటుందో తెలిస్తే దానికి తగ్గట్టు చేద్దామని అడిగాను.

"ఎలా ఉంటుందక్కా? తియ్యగా ఉంటాదా?"

"తియ్యగా ఉండదు. పుల్లగా... అంటే నిమ్మకాయంత కాదు. సోడాలా బుడగలుంటాయి. మీ ఊళ్లో కల్లు ఉంటుంది కదా, దానికి దూరపు చుట్టం అనుకో. వైన్‌ని సీసాలో పోసి మూసేశాక లోపల మళ్లీ ఇంకోసారి పులుస్తుంది. అందుకే ఆ బుడగలు."

మా అత్త అప్పుడు రోట్లో అల్లం దంచుతోంది. 'మళ్లీ పులుస్తుంది' అనగానే ఆవిడ చెయ్యి ఆగింది. నేను చూశాను. కానీ చెయ్యి నొప్పేమో అనుకున్నాను.

ఏం వండాలో తెలియక మేడమ్‌కి ఫోన్ చేస్తే, "చికెన్ సిక్స్టీఫైవ్ చెయ్యి, ఫారిన్ వాళ్లకి అదే ఇష్టం" అన్నారు. అందులో కారం తప్ప ఏముంది? బావకి చేశాను.

"మా సేటు కాడికి బయటి దేశం పార్టీలొత్తారు కదే. ఇలాటి మందులోకి ఆల్లు జున్ను తింతారంట."

"జున్నా? ఇప్పటికిప్పుడు ఈనిన గేదెని ఎక్కడ తెత్తాను బావ?"

"ఆ జున్ను కాదే గుంటా, సీజు. అట్టపెట్టెలో ఉంటాది."

"బారువలోన ఎవులమ్ముతారు?"

"అది నానెరగను. నన్ను బాయిలర్ కాడ పిలుత్తన్నారు" అని పెట్టేశాడు. కాసేపటికి మళ్లీ తనే చేసి, కొత్త జీడిపప్పు గుళ్లు కొంచెం ఆటోవాడి చేత పంపుతాను, వేపి పెట్టు అన్నాడు. నాకు కొంచెం ప్రాణం వచ్చింది. జీడిపప్పు ఉప్పగా వేపితే ఎవరు వద్దంటారు?

ఫోనులో వీడియోలు కూడా చూశాను. ఒకాయన టోపీ పెట్టుకుని గబగబా మాట్లాడుతున్నాడు, సగం అర్థం కాలేదు. గుడ్లలో బంగాళదుంపలు వేసి దిబ్బరొట్టెలాగ కాల్చాడు. తర్వాత సముద్రపు చిప్ప ఒకటి తెరిచి, నిమ్మకాయ పిండి, పచ్చిగా మింగేశాడు. నా భుజం మీంచి చూస్తున్న మా అత్త లేచి బయటికెళ్లి ఉమ్మేసి వచ్చింది.

"ఇలాటివి సూడకే. ఎండు నెత్తళ్లు కాల్సి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నూరి ఎట్టు. నోరు మండితేనే కల్లు కిందకి దిగుద్ది."

"కారం వొద్దన్నారత్తా."

"కారం లేకపోతే అది తిండేటే? జొరం వొచ్చినోల్లకి ఎట్టినట్టు."

ఎవరి మాట వినాలి? నలుగురూ నాలుగు చెప్పారు. వాళ్లలో ఆ వైన్ తాగినవాళ్లు ఒక్క హైదరాబాదు అక్కే, ఆవిడేమో చెయ్యాల్సింది కాకుండా చెయ్యకూడనివన్నీ చెప్పింది. ఇలా కూర్చుంటే లాభం లేదని గంప తీసుకుని పడవల దగ్గరికి వెళ్లిపోయాను. అప్పుడే ఒడ్డుకి లాగిన వలలో నెత్తళ్లు తళతళలాడుతున్నాయి. అవే తెచ్చాను. తలలు తుంచి, కడిగి, ఉప్పూ కాసింత బియ్యప్పిండీ పట్టించాను. కారం డబ్బా మీదకి చెయ్యి దానంతటదే వెళుతుంటే వెనక్కి లాక్కున్నాను.

నేను పడవల దగ్గర ఉన్నప్పుడే ఇక్కడ కరెంటు పోయింది. గెస్టులిద్దరూ ఒడ్డు వెంట నడవడానికి వెళ్లారు, అత్త ఒక్కతే ఇంట్లో. ఆ సీసా ఒక్కటే ఫ్రిజ్‌లో.

ఇప్పుడు మళ్లీ ఫ్రిజ్ దగ్గరికి వద్దాం.

"ఆయమ్మి సెప్పినాది కదే, మూసీసినాక లోపల మల్లీ పులుత్తాదని" అంది అత్త, కత్తిపీట పక్కన పెట్టి. "కరెంటు పోనాది. బయట ఎండ నిప్పులు సెరుగుతంది. మీ మావ అప్పుడు కల్లు సీసాకి బిరడా బిగించీసి మంచం కింద ఎట్టినాడు, నీకు గేపకం లేదేటి? గాజుపెంకులొచ్చి నవారు తెగిపోనాది. ఆ పొద్దు మంచం మీద ఎవులూ లేరు గాబట్టి సరిపోనాది."

ఆ సంగతి నాకు తెలుసు. మా వైపు అందరికీ తెలుసు. కల్లు సీసాకి మూత బిగించరు. తాటాకు ముక్క దోపుతారు, లేదా మూత వదులు చేసి పట్టుకుంటారు. బస్సు ఎక్కితే కండక్టరు టికెట్టు కన్నా ముందు అదే అడుగుతాడు.

"మరి తీగతోటి కట్టినారు కదా అత్తా. ఇప్పకూడదనే కదేటి కట్టినారు?"

"యిమానంలోన తెచ్చినారు, దారిలో ఊడిపోకుండా కట్టినారు. ఇంటికొచ్చీసినాక ఇప్పొద్దేటి?"

సీసాని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఇప్పితే ఏటయ్యింది?"

అత్త పైకి చూసింది. నేనూ చూశాను. శ్లాబు మీద రూపాయి బిళ్లంత మేర సున్నం ఊడిపోయి ఉంది.

"తుపాకీ పేలినట్టు పేలినాది. నురగ నా సేయంతా పారీసినాది. సూసినావా మరి? నాను తియ్యకపోతే ఏటయ్యేదో!"

అంత చప్పుడు చేసి పేలింది కాబట్టి తను చేసింది సరైనదే అని ఆవిడ లెక్క. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు కనబడుతున్నట్టే ఉంది, చూపించబోతే కనబడటం లేదు.

గుడ్డ విప్పి వాసన చూశాను. పచ్చి ఆపిల్ పండులాగ, పులిసిన పిండిలాగ ఉంది. వెలుతురుకి పట్టుకుంటే అడుగు నుంచి బుడగ ఒకటి నిద్రలేచినట్టు మెల్లగా పైకి వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఇది పాడైనట్టా? ఇలాగే ఉండాలా? నేను పుట్టాక ఆ వస్తువుని చూసింది అదే మొదటిసారి. వేలు తడి చేసుకుని నాకాను. నాలుక చివర చురుక్కుమని, అంతలోనే ఏమీ లేకుండా పోయింది. కల్లయితే ఈపాటికి బాగా పులిసిపోయింది అని చెప్పగలను. దీన్ని ఏమని చెప్పను?

"బిరడా ఏదత్తా? మల్లీ ఎట్టీద్దాం."

అత్త రొండిన దోపుకున్న బిరడా తీసి ఇచ్చింది. నూనె సీసాకి పనికొస్తుందని దాచుకుందట. అది కింద ఉబ్బిపోయి పుట్టగొడుగులాగ తయారైంది. ఎంత నొక్కినా సీసా మూతిలోకి దూరలేదు.

ఇంక ఏం చెయ్యాలో తోచక, చేతులకి తెలిసిన పని చేశాను. నెత్తళ్లు వేపాను. నూనెలో అవి సుయ్‌మని లేస్తుంటే నా గుండె కొంచెం కుదుటపడింది. ఎర్రగా వచ్చినవి కాగితం మీదకి తీసి, నిమ్మచెక్కలు పెట్టి, పక్కన బావ పంపిన జీడిపప్పు ఉప్పు చల్లి పెట్టాను. అత్త ఎవరూ అడక్కుండానే జీడిపండు ముక్కలు ఉప్పు జల్లి అదే పళ్లెంలో ఒక మూల సర్దింది. వద్దనే ఓపిక నాకు లేదు. సీసాకి గుడ్డ మళ్లీ కట్టేసి, పళ్లెం పట్టుకుని బయల్దేరాను. ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే అత్త నన్ను దాటుకుని ముందే వెళ్లిపోయింది.

గుడ్డ చూసేసరికి హైదరాబాదు అక్క నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి?"

"నానే తీసినాను బాబూ. కరెంటు పోనాది, పేలిపోద్దని" అని అత్త మంచం కథ దగ్గర్నుంచి మొత్తం చెప్పేసింది.

అక్క సీసా మూతి మీది గుడ్డని వేలితో తడిమింది. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, ఆ చప్పుడు కోసమే కదా ఆవిడ ఇంత దూరం మోసుకొచ్చింది. అందరూ ఉన్నప్పుడు తీస్తేనే కదా సరదా" అంది.

"సప్పుడు బాగానే వొచ్చినాది బాబూ. నాను ఇన్నాను కదా" అంది అత్త.

వెనక నుంచి అత్త చెయ్యి గిల్లాను. ఆవిడ "అబ్బ, ఏటే" అని అందరికీ వినబడేలా అంది.

అక్క స్పెయిన్ ఆవిడకి అంతా వాళ్ల మాటల్లో చెప్పింది. ఆవిడ గుడ్డని చూసింది, అత్తని చూసింది, నన్ను చూసింది. ఏదో అడిగింది.

"మూత ఎంత ఎత్తుకి ఎగిరిందని అడుగుతోంది" అంది అక్క.

ఇంకేముంది, అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోయింది. గెస్టుని! ఆవిడ గుమ్మంలో తల వంచుకుని వంటింట్లోకి దూరింది. అత్త పైకి చూపించింది, చేతులతో పేలిన చప్పుడు చేసింది. ఆవిడ తన భాషలో ఏదో అంటే అత్త తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరికీ ఒక్క ముక్క తెలియదు, మాటలు మాత్రం ఆగలేదు. చివరికి అత్త బిరడా ఇచ్చేసింది. ఆవిడ దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. లేకపోతే నవ్వు ఆగిపోయాక ఏడ్చిందేమో. నాకు తేడా తెలియలేదు.

తర్వాత వరండాలో గ్లాసుల్లో పోసుకున్నారు. బుడగలు ఒకటీ అరా పైకి వచ్చాయి. స్పెయిన్ ఆవిడ నెత్తళ్ల మీద నిమ్మకాయ పిండి, చేత్తోనే తిని, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని ఏదో అంది.

"ఏటన్నారక్కా?"

"వాళ్ల ఊళ్లో కూడా ఇలాంటి చిన్న చేపలే ఇలాగే వేపుతారట."

"అంటే బాగుందనా?"

"ఊరు గుర్తొచ్చిందట."

"అది మంచికా, చెడ్డకా?"

అక్క నా వైపు చూసి ఫోను తీసుకుంది.

స్పెయిన్ ఆవిడ జీడిపండు ముక్క నోట్లో వేసుకుంది. అది గొంతు పట్టేస్తుంది కదా, ముఖమంతా ముడుచుకుపోయింది. గబుక్కున ఒక గుక్క తాగింది. అయిపోయింది అనుకున్నాను. ఇంకో ముక్క తీసుకుంది. ముఖం అలా ముడుచుకుపోయిన మనిషి మళ్లీ ఎందుకు తీసుకుంటుంది? మా అత్తకి కూడా గ్లాసు ఇవ్వబోయింది. అత్త వాసన చూసి, "నాకొద్దు బాబూ, పులిసిపోనాది" అంది. నాకూ కొంచెం పోసింది. మేడమ్‌కి తెలిస్తే ఏమంటారో అనుకుంటూనే చేప ఒకటి నోట్లో వేసుకుని దాని మీద తాగాను. ఉప్పూ నూనే అంటుకున్న నోటిని ఎవరో చల్లటి నీళ్లతో కడిగినట్టయింది. చెయ్యి ఇంకో చేప మీదకి వెళ్లింది. ఓహో, ఇందుకా అనిపించింది. చేప లేకుండా ఇంకో గుక్క తాగేసరికి ఉత్త పులుపే తగిలి, ఆ అర్థమైంది కాస్తా పోయింది.

ఇంతలో అక్క ఫోను పట్టుకుని కొబ్బరిచెట్ల వైపు నడిచింది. "మేడమ్, అదీ..." అని మొదలుపెట్టడం వినబడింది. తర్వాత గాలి. "ఓపెన్ చేసేశారు" అన్న మాట వినబడింది. మళ్లీ గాలి. తర్వాత అక్క నవ్వింది, ఆ వెంటనే "కాదు, కాదు" అంది. ఏది కాదు?

ఇంటికి వెళ్లేసరికి బావ అరుగు మీద ఉన్నాడు.

"ఏటే, ఉందా పోనాదా?"

"తెలీదు బావ."

"తినీసినారా?"

"మొత్తం తినీసినారు. పళ్లెంలో ఉప్పు తప్ప ఏటీ లేదు."

"మరింకేటి?"

"ఆకలేసి తిన్నారేమో!"

బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దీపం దగ్గర నా వేళ్లు చూసుకున్నాను. గోళ్ల అంచుల్లో మాత్రం ఇంకా నలుపు ఉంది, మిగతాదంతా కొత్త చర్మం. అత్త ఎప్పుడూ వాగుతూనే ఉంటుంది, ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుంటూ మెల్లగా, "నా వొల్ల పోద్దేటే?" అంది. కాదు అన్నాను. అలా ఎలా అన్నానో నాకే తెలియదు.

పొద్దున తల దువ్వుకుంటుంటే మేడమ్ ఫోన్.

"ఏమ్మా, వంటింట్లో సున్నం ఊడిందంటగా?"

"అది... మేడమ్..."

"సరేలే. ఇవాళ మధ్యాహ్నం పలాస నుంచి మావాళ్లు భోజనానికి వస్తున్నారు. మీ అత్తని మాత్రం సీసాల జోలికి రానివ్వకు" అని పెట్టేశారు.

దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. నన్ను పనిలో ఉంచినట్టా? ఈ ఒక్క పూటకేనా? అత్తకి చెబితే, "నన్నంత మాటన్నాదా!" అని అలిగింది. "ఓలే, మీ అత్తని రానివ్వకు అన్నాదంటే నిన్ను రమ్మన్నట్టే కదే" అన్నాడు బావ. అవునేమో. తిరిగి ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే మాట మారిపోతుందేమోనని అడగలేదు.

గంప తీసుకుని పడవల దగ్గరికి వెళ్లాను. నెత్తళ్లే తీసుకున్నాను, నిన్నటికన్నా ఎక్కువ. గెస్ట్‌హౌస్ వంటింటి గుమ్మంలో కూర్చుని తలలు తుంచాను, కడిగాను, ఉప్పు పట్టించాను. చెయ్యి కారం డబ్బా మీదకి వెళ్లింది. ఆపాను. వీళ్లు పలాస వాళ్లు, కారం లేకపోతే తింటారా? నిన్న మాత్రం కారం లేకుండానే పళ్లెం ఖాళీ అయింది కదా?

ఇంకో గిన్నె తెచ్చాను. సగం చేపలకి కారం పట్టించాను. సగం ఉత్త ఉప్పుతో అలాగే ఉంచేశాను.